వెనక కాళ్ళు

కుర్చీని తలకిందులు చేసి మొదట కాళ్ళు కడగడం చంద్రరావు పద్ధతి. కూర్చునేవాళ్ళు వీపు ఆనే చోటే చూసుకుంటారని, బురదంతా కాళ్ళకే ఉంటుందని అతని వాదన. ఆ వాదన కాదనేవాళ్ళు లేరు, ఎందుకంటే కొవ్వూరులో జగన్నాథరావు గారి షామియానా సప్లైలో కుర్చీలు కడిగేది అతనొక్కడే. మాఘమాసం పెళ్ళిళ్ళు. రాత్రి వచ్చిన కుర్చీలు గోడౌను ముందు గుట్టలు పడి ఉన్నాయి. ఒకదానికి పప్పుచారు, ఒకదానికి కిళ్ళీ మరక, ఒకదాని చేతుల మీద ఏ చంటిదాని వేళ్ళదో మైసూర్‌పాకు జిగురు. చంద్రరావు పీచుతో రుద్దుతున్నాడు, నీళ్ళు కుమ్మరిస్తున్నాడు, తీసి ఎండలో బోర్లిస్తున్నాడు.

అరవైకి దగ్గర పడిన మనిషి. నడుం దాకా చూస్తే ఆరేసిన తువ్వాలులా పలచగా ఉంటాడు. మోకాళ్ళ కింద మాత్రం వేరే మనిషి. పిక్కలు బిగిసి, పాదాలు వెడల్పుగా పరుచుకుని, వేళ్ళు ఎడంగా నేలని పట్టుకున్నట్టు ఉంటాయి. ఇత్తడి పడగలున్న అమ్మవారి గరగని నెత్తిన పెట్టుకుని, మీసం రాకముందు నుంచీ డప్పుకి అడుగు వేసిన కాళ్ళు అవి. గరగ ఎత్తడం వాళ్ళ ఇంటి హక్కు, తాత నుంచి వచ్చింది. జాతర రోజుల్లో వీధి వీధినా ఆడవాళ్ళు ఎదురొచ్చి ఆ కాళ్ళ మీద పసుపునీళ్ళు పోసి దండం పెట్టేవారు. మోకాలు మొరాయించాక గరగని తమ్ముడి కొడుక్కి అప్పగించేశాడు. ఇప్పుడు ఆ కాళ్ళ మీద పడేవి కుర్చీలు కడిగిన నీళ్ళే.

జగన్నాథరావు గారు స్కూటరు ఆపి, దిగకుండానే కేకేశారు.

"ఏరా చంద్రా, సాయంత్రం గోష్పాదం రేవు దగ్గర కుర్రాళ్ళ ప్రోగ్రాం. కుర్చీలు, స్టేజీ బల్లలు, తెర కట్టడానికి గెడలు పంపించు. చీఫ్ గెస్టుకి పెళ్ళికొడుకు కుర్చీ కావాలన్నారు. వెనక కాలు చిట్లింది పక్కన పెట్టు, మంచిది వెయ్యి."

"ఆయ్."

"గెస్టు మన జయపాలేనంటగా. నీ పాత జోడీ."

"ఆయ్," అన్నాడు చంద్రరావు, ఈసారి కొంచెం ఆలస్యంగా.

స్కూటరు వెళ్ళిపోయాక చేతిలో ఉన్న కుర్చీని అవసరానికి మించి రుద్దాడు. అతనికి ఒళ్ళు మండుతోంది. ఆ మంట ఇవాళ్టిది కాదు, కిందటి వానాకాలం నుంచి లోపల రగులుతూనే ఉంది.

ఊళ్ళో ఇంకా టెలిఫోను బూతులున్న రోజుల్లో, జంగారెడ్డిగూడెం పొగాకు వ్యాపారి ఒకాయన కొవ్వూరు చుట్టుపక్కల పిల్లల సినిమా ఒకటి తీశాడు. పేరు 'బంగారు తొండం'. అడవిలో తప్పిపోయిన యువరాణిని ఏనుగు పెంచుతుంది, అదీ కథ. నిజం ఏనుగు అద్దె ఎంతో విన్నాక ఆయన ఆ ఆలోచన మానుకున్నాడు. చివరికి గోనెసంచులు కుట్టి, నల్లరంగు పూసి, వెదురుబద్దల మీద పరిచి ఏనుగుని తయారుచేశారు. చెవులు చేటలు. కళ్ళు కొబ్బరిచిప్పలు. తొండం పొలంలో మోటారుకి తగిలించే పైపు, దాని మీద బంగారు రంగు. రాజుగారి కోట మొత్తం జగన్నాథరావు గారి నాన్నగారి షామియానా గుడ్డలే. మహారాజు సింహాసనం ఎక్కినప్పుడల్లా ఆయన కిరీటం వెనక 'శుభకార్యములకు సంప్రదించండి' అని కనిపిస్తూ ఉంటుంది. సినిమా రెండు ఊళ్ళలో ఆడి, మూడో ఊరు చేరకుండానే చచ్చింది.

ఆ ఏనుగు లోపల ఇద్దరు మనుషులు. ఒకడు షామియానా గుడ్డలతో పాటు వెళ్ళిన చంద్రరావు. రెండోవాడు కోటకి రంగులేయడానికి వచ్చిన జయపాల్.

చచ్చిన సినిమా నిరుడు లేచి కూర్చుంది. రాజమండ్రిలో ఇంజినీరింగు చదివిన భానుతేజ, హరిచందన అనే ఇద్దరు దాన్ని ఎక్కడో పాత క్యాసెట్టులో పట్టుకుని, ముక్కలు చేసి ఫోన్లలోకి ఎక్కించారు. అందులో ఒక ముక్క ఊరూరా పాకింది. పాము కరిచి పడిపోయిన యువరాణి పక్కన నిలబడి ఏనుగు ఏడుస్తుంది. తల వాలుతుంది, తొండం వణుకుతుంది, చేటచెవులు దీనంగా జారతాయి. వెనక ఫిడేలు. సరిగ్గా అప్పుడే ఏనుగు వెనక కాళ్ళు రెండూ చిందులు మొదలెడతాయి. ముందు సగం చావింట్లో ఉంటే వెనక సగం జాతరలో ఉంటుంది. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. పెళ్ళి ఊరేగింపుల్లో ఆ చిందే వేశారు. పరీక్ష పోయిన కుర్రాళ్ళు ఆ ముక్క పెట్టి, ముందు సగం మా నాన్న, వెనక సగం నేను అని రాసుకున్నారు.

ఆ వెనక కాళ్ళు చంద్రరావువి. లోకానికి మాత్రం అవి జయపాల్ కాళ్ళు.

పెనుగొండ గుడి దగ్గర చెరుకురసం బండి పెట్టుకున్న జయపాల్‌ని ఆ పిల్లలు వెతికి పట్టుకున్నారు. మరలో గడ పెడుతూ, "అవునండి, వెనకున్నది నేనేనండి" అని అతను సిగ్గుపడుతూ చెప్పడం, బండి పక్కకొచ్చి ఆ చిందు వేసి చూపించడం కూడా ఫోన్లలోకి ఎక్కింది. ఇప్పుడు ఎక్కడెక్కడి నుంచో వచ్చి అతనితో ఫోటో దిగి, రసం తాగి మరీ పోతున్నారు. చంద్రరావు ఆ వీడియో ఎన్నిసార్లు చూశాడో అతనికే తెలియదు. చూసిన ప్రతిసారీ ఒకటే కడుపుమంట. వాడికి ఆ అడుగే రాదు. ఎడమ కాలు లేవాల్సిన చోట కుడికాలు లేపుతాడు. కుంటిమేక గోడ దూకినట్టుంటుంది. దానికి చప్పట్లు.

ఇంత చిన్న నిజం చెప్పుకోవడానికి ఏమిటి అడ్డం అంటే, అది మధ్యాహ్నం పాపాయి అన్నం పెడుతూ తేల్చేసింది.

పాపాయి అతని భార్య. గోడౌను వెనక రెండు గదుల ఇల్లు. అరుగు మీద ఇస్త్రీ బల్ల. బొగ్గుల పెట్టె పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, ఆనపకాయ పులుసు వడ్డిస్తోంది.

"సాయంత్రం జయపాల్‌ని అడిగేత్తాను," అన్నాడు చంద్రరావు.

"ఏం అడుగుతావు?"

"నా కాళ్ళు నావని చెప్పమంటాను. మైకులో, అందరి ముందూ."

"నీయి ముందు కాళ్ళు గదా."

"వెనకవి. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

పాపాయి గరిటె గిన్నెలో పెట్టింది. "ఏమయ్యా, పెళ్ళిచూపులకొచ్చి మా నాన్నతో ఏం చెప్పేవు? ఏనుగు ఏడిచిందే, ఆ ఏడుపు నాదేనండి అన్నావు. మా నాన్న నిడదవోలు వెళ్ళి ఆ సినిమా చూసి, ఇంత మెత్తని మనిషా అని కళ్ళు తుడుచుకుని నన్నిచ్చేడు. ఇన్నేళ్ళూ ముందు కాళ్ళు నీవి. ఇప్పుడు వెనక కాళ్ళకి గిరాకీ వచ్చిందని వెనక్కెళ్తానంటే ఎవరు నమ్ముతారు?"

చంద్రరావు ముద్ద కలుపుకున్నాడు. ఆవిడ మరో గరిటెడు పులుసు పోసి, "తిను, చల్లారిపోద్ది," అంది.

తింటున్నాడు గానీ మనసు ఆ గోనెసంచుల చీకట్లోకి వెళ్ళిపోయింది. ఎండాకాలం షూటింగు. ఏనుగులో ముందున్నవాడు నిలబడొచ్చు, వెనకున్నవాడు నడుం వంచి ముందువాడి మొలతాడు పట్టుకుని గుడ్డిగా నడవాలి. నడుం పట్టేసేది. అందుకని ఒక షాటుకి ఒకడు ముందు, ఇంకో షాటుకి ఇంకొకడు. ఎప్పుడు ఎవరు ఎక్కడున్నారో బయటివాళ్ళకి పట్టేది కాదు. ఆ ఏడుపు షాటుకి ముందు జయపాల్, వెనక చంద్రరావు.

అది వాళ్ళ ఊరి జాతర నెల. సినిమా మోజులో పడి ఆ ఏడు గరగని తమ్ముడి నెత్తిన పెట్టి వచ్చేశాడు. షాటు మొదలయ్యాక, కాలవగట్టు మీదుగా గరగలు పక్క ఊరికి పోతున్నాయి. డప్పు వినపడింది. ముందు దూరంగా, తర్వాత దగ్గరగా. చీకట్లో వంగి ఉన్న చంద్రరావు పళ్ళు బిగబట్టాడు. కాళ్ళు అతని మాట వినలేదు. అమ్మవారు గట్టు మీద వెళుతుంటే గరగ ఎత్తిన కాళ్ళు నేలకి అతుక్కుని ఉండటం వాటికి తెలియని విద్య. డప్పు దాటిపోయేదాకా ఆడాయి. సినిమాకి మాటలూ పాటలూ తర్వాత మద్రాసులో కలిపారు కాబట్టి ఆ డప్పు తెర మీద లేదు. ఆ కాళ్ళు ఎందుకు ఆడాయో చూసినవాళ్ళెవరికీ తెలియదు. ఇప్పటి కుర్రాళ్ళు ఆ ముక్క కింద ఏవేవో దరువులు వేస్తున్నారు గానీ ఒక్కటీ అడుగుకి అతకడం లేదు.

షాటు అవగానే డైరెక్టరు బెత్తం పట్టుకుని వచ్చాడు. వెనక ఎవడ్రా అని అరిచాడు. గోనెసంచి పైకెత్తేలోపు చంద్రరావు మొలతాడు వదిలేసి వణుకుతున్నాడు. జయపాల్ వెనక్కి తిరిగి, "నోరు మూసుకో," అని గొణిగి, చంద్రరావుని ముందుకి నెట్టి, తను వెనకవైపు నుంచి బయటికొచ్చాడు. "నేనేనండి," అన్నాడు. చెంప మీద కొట్టిన చప్పుడు చంద్రరావు సంచిలోంచే విన్నాడు. మళ్ళీ తీయడానికి ఆ రోజుకి డబ్బాలో రీలు లేదు, మర్నాటికి యువరాణి పాపకి జ్వరం. ఆ ముక్కే ఉంచేశారు. జయపాల్‌ని ఆ సాయంత్రమే పంపించేశారు. చంద్రరావుని మాత్రం డైరెక్టరు భుజం తట్టి, "ముందున్నది నువ్వా? బాగా ఏడిచావయ్యా," అని కోట భటుడి వేషం ఇచ్చాడు. 'మహారాజా, ఏనుగు వచ్చింది' అని ఒక మాట కూడా ఇచ్చాడు. నిజానికి ఆ వేషం జయపాల్‌కి ఇస్తామన్నది.

పెట్టె సర్దుకుంటున్న జయపాల్‌ని ఎందుకు చేశావురా అని అడిగితే, "అమ్మోరు పిలిస్తే నీ కాళ్ళు ఆగుతాయా? మా ఏసయ్య గుళ్ళో కీర్తన ఎత్తుకుంటే నా చేతులు ఆగవు, ఇదీ అంతే," అన్నాడు. పెట్టె ఎత్తుకుని వెళ్ళబోతూ ఆగి, "నేను చెప్పింది నువ్వు ఎప్పుడూ కాదనకు. కాదన్నావా, ఇద్దరం అబద్ధాలకోరులం అయిపోతాం," అన్నాడు. చంద్రరావు ఊఁ అన్నాడు. ఆ ఊఁ సులువుగానే వచ్చింది, ఎందుకంటే అప్పట్లో వెనక కాళ్ళు పరువు తక్కువ, ముందు ఏడుపు గొప్ప.

కొన్నేళ్ళు క్రిస్మస్‌కి అరటిగెల పట్టుకుని పెనుగొండ వెళ్ళాడు. తర్వాత మానేశాడు; తన కోసం దెబ్బ తిన్నవాడి ఎదురుగా కూర్చుని పలావు తినడం కష్టంగా ఉండేది. ఎప్పుడైనా ఏ పెళ్ళిలోనో ఎదురుపడితే జయపాల్ నవ్వి, "ఏం ముందుకాళ్ళూ, బాగున్నావా?" అనేవాడు. ఇప్పుడు ఆ పలకరింపు తలుచుకుంటే కూడా చంద్రరావుకి మంటే. వాడు మాట నిలబెట్టుకుంటున్నాడా, పేరు కాజేస్తున్నాడా? ఫోనులో ఆ సిగ్గు నవ్వు చూస్తే ఏదీ తేలేది కాదు. మాట నిలబెట్టుకునేవాడు అంత ఆనందంగా చిందులేస్తాడా?

అందుకని మూడు గంటల వేళ గణేష్‌బాబు ట్రాలీ ఆటో తెచ్చి వెనక్కి పెట్టినప్పుడు, చంద్రరావు పెళ్ళికొడుకు కుర్చీలు రెండూ ఎక్కించాడు. ఎర్ర మఖమలు, బంగారు రంగు చేతులు, రెండూ కవలల్లా ఉంటాయి. ఒకదాని వెనక కాలు ఆ మధ్య ఒక పెళ్ళిలో చిట్లింది. జిగురు పూసి, గుడ్డ చుట్టి ఉంచారు. మెల్లగా కూర్చుంటే ఆగుతుంది, వెనక్కి ఆనితే మనిషి వెల్లకిలా పడతాడు.

"రెండెందుకు బాబాయ్?" అన్నాడు గణేష్‌బాబు.

"ఉంచు. కావాల్సొస్తుంది."

అతని లెక్క తేలికే. స్టేజీ మీద చిట్లిన కుర్చీ ఉంటుంది. జయపాల్ కారు దిగగానే పక్కకి తీసుకెళ్ళి అడుగుతాడు. చెప్తావా, చెప్పవా? చెప్తానంటే మంచి కుర్చీ మార్చేస్తాడు. చెప్పనంటే కూర్చోనిస్తాడు. ఆటోలో కుర్చీల మధ్య నిలబడి వెళుతుంటే అతనికి ఇంకో ఆలోచన వచ్చి, ఉన్న కోపం రెట్టింపైంది. వాడు అంతమంది ముందు వెల్లకిలా పడితే, అది కూడా ఫోన్లలో ఎక్కి, వాడికే ఇంకా పేరొస్తుంది. అయినా సరే, పడనీ అనుకున్నాడు.

గోష్పాదం రేవులో గోదావరి నిండుగా లేదు గానీ వెడల్పుగా ఉంది. అవతల రాజమండ్రి, మధ్యలో వంతెనలు. మెట్ల పైన చదునులో బల్లలు పరిచి, గెడలు పాతి, తెల్లగుడ్డ తెర బిగించి, కుర్చీలు వరసలు పెట్టేసరికి పొద్దు వాలింది. తెరకి ఒక పక్కన ముందుకి, జనానికి కనిపించేలా పెళ్ళికొడుకు కుర్చీ వేశాడు. గుడ్డ చుట్టిన కాలు వెనక్కి ఉంది కాబట్టి ఎవరికీ కనపడదు. వెనకాల ఫ్లెక్సీ మీద చెరుకుగడ భుజాన పెట్టుకుని జయపాల్ నవ్వుతున్నాడు. ఫోటో కోసం తల నున్నగా దువ్వుకున్నాడు.

హరిచందన వైర్లు చూసుకుంటూ అటు వచ్చింది. ఇరవై దాటిన పిల్ల, కళ్ళజోడు. చంద్రరావు ఆగలేక అడిగాడు.

"ఏమ్మా, ఈ సినిమాలో ఏముందని ఇంతమంది వస్తన్నారు? ఏనుగు ఏనుగులా లేదు, కోట కోటలా లేదు."

"అందుకే బాబాయ్ గారూ," అని నవ్వింది. "మంచి సినిమా మనల్ని ఏడిపిస్తుంది, అది దాని పని. ఇది కూడా పాపం ఏడిపించాలనే చూసింది, చేతకాలేదు. ఎంత కష్టపడి ఎంత ఘోరంగా తీశారో చూస్తుంటే ముద్దొస్తుంది. చిన్నపిల్లలు అమ్మ చీర కట్టుకుని వచ్చి ఎలా ఉన్నానని అడిగినట్టుంటుంది."

చంద్రరావుకి ఆ మాట నచ్చింది. నచ్చడంతో ధైర్యం వచ్చింది. తువ్వాలు భుజం మీంచి తీసి మళ్ళీ వేసుకున్నాడు.

"ఆ వెనక కాళ్ళు నావమ్మా."

హరిచందన అతన్ని ప్రేమగానే చూసింది. "పొద్దున్నుంచి మీరు మూడోవారు బాబాయ్. ఇందాక మైకు సెట్టు ఆయన కూడా తనే అన్నారు. అయినా మీరు భటుడు కదా? మహారాజా, ఏనుగు వచ్చింది. జగన్నాథరావు గారు చెప్పారు. అది కూడా నాకు భలే ఇష్టం."

ఆ పిల్ల వెళ్ళిపోయింది. చంద్రరావు మొహం కాలిపోతోంది. ఇక ఈ నిజం పలకగలిగిన నోరు లోకంలో ఒక్కటే ఉంది. అది పెనుగొండ నుంచి కారులో వస్తోంది.

జనం నిండారు. కాలేజీ పిల్లలు, చంటిపిల్లల తల్లులు, రేవులో స్నానానికొచ్చి ఆగిపోయినవాళ్ళు. ఏనుగంత బరువున్న గజమాల ఒకటి నలుగురు మోసుకొచ్చి బల్ల మీద పెట్టారు. ఎవరో కావాలనే అంత పెద్దది చేయించారు, అందరూ నవ్వారు. ఈలోగా జగన్నాథరావు గారు ఫోను చేసి గణేష్‌బాబుని ఇంకో పెళ్ళికి రమ్మన్నారు. ఆటో వెళ్ళిపోవడం చంద్రరావు గమనించలేదు. అతని కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. ప్రతి కారు లైటుకీ గొంతు సవరించుకుంటున్నాడు.

భానుతేజ ఫోను మోగింది. బక్కపలచని కుర్రాడు, ఒక చేత్తో మైకు, ఒక చేత్తో ఫోను. "అంకుల్ బయల్దేరారాండి?" అన్నాడు. అవతలి మాట వింటూ మైకు కింద పెట్టేశాడు.

జయపాల్ బావమరిది జ్ఞానప్రకాశం చేసిన ఫోను అది. జయపాల్ కొత్త చొక్కా తొడుక్కుని, తల దువ్వుకుని, బండి పక్కన బల్ల మీద కూర్చున్నాడట. కారు వచ్చి హారన్ కొట్టిందట. వస్తాడులే అని అందరూ చూశారట. లేవలేదు. కొద్దిసేపయ్యాక వెళ్ళి భుజం పట్టుకుంటే పక్కకి ఒరిగిపోయాడట.

ఇంకో పక్క పిల్లలు ఏం చేద్దామని గుంపుగా మాట్లాడుకుంటుంటే, చంద్రరావు తెర గెడ పట్టుకుని నిలబడ్డాడు. అతనికి మొదట వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఎంత పని చేశావురా, ఇంకో గంట ఆగలేకపోయావా అనుకున్నాడు. నా కాళ్ళు నాకివ్వకుండా పట్టుకుపోయావు. పోయి కూడా నువ్వే పెద్దవాడివయ్యావు. ఇప్పుడు ఆ మాట ఎత్తితే నేను శవం మీద పేలాలు ఏరుకునేవాణ్ణవుతాను.

హరిచందన మైకు తీసుకుని రెండు మాటల్లో సంగతి చెప్పింది. అందరూ లేచి నిలబడ్డారు. సినిమా ఆపొద్దని ఎవరో అన్నారు, వేద్దామనే అందరూ అన్నారు. నలుగురు కుర్రాళ్ళు గజమాల ఎత్తి, ఖాళీ కుర్చీ వీపుకి వేశారు. శాలువా చేతుల మీద పరిచారు. దీపాలు ఆరిపోయాయి.

మాల బరువుకి కుర్చీ మెల్లగా వెనక్కి ఊగడం చంద్రరావు ఒక్కడే చూశాడు.

వెనక్కి తిరిగి ఆటో కోసం చూశాడు. ఆటో లేదు, మంచి కుర్చీ దాంట్లోనే పోయింది. తెర మీద అప్పటికే పేర్లు పడుతున్నాయి. అతను వంగి, వెలుగుకి అడ్డం రాకుండా బల్లల అంచునే నడిచి, కుర్చీ వెనక గొంతుకూర్చుని, చిట్లిన కాలుని రెండు చేతులతో పట్టుకున్నాడు. కోపం పోలేదు. కోపంగానే పట్టుకున్నాడు. వాడి కుర్చీ కూలిపోతే చూడటానికి వాడు లేడు, ఈ పిల్లలు ఉన్నారు.

అలా ఎంతసేపు కూర్చున్నాడో మోకాళ్ళకే తెలియాలి. మహారాజు తల వెనక షామియానా బోర్డు కనిపించినప్పుడు జనం ఈలలు వేశారు. పడుచు చంద్రరావు ఈటె పట్టుకుని, మహారాజా, ఏనుగు వచ్చింది అన్నప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. అతను కూడా పట్టించుకోలేదు. పాము వచ్చింది, యువరాణి పడిపోయింది, ఫిడేలు మొదలైంది. నవ్వడానికి జనం ముందే నోళ్ళు తెరుచుకుని ఉన్నారు.

ఇన్ని నెలలుగా ఆ ముక్కని అరచేతిలో పెట్టుకుని చూసినా, చంద్రరావు కళ్ళు ఎప్పుడూ వెనక కాళ్ళ మీదే ఉండేవి. ఎడమ కాలు సరిగ్గా పడిందా, మడమ తిరిగిందా, అదే ధ్యాస. ఇక్కడ, తెరకి అంత దగ్గరగా, పక్క నుంచి చూస్తుంటే ఏనుగు తల కొండంత ఉండి అతని మీదికే వాలినట్టుంది. వెనక కాళ్ళు ఆ చివర ఎక్కడో ఉన్నాయి. తల మెల్లగా వాలింది. మోటారు పైపు తొండం యువరాణి చెంప దాకా వెళ్ళి, తాకకుండా ఆగి, వణికింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ ఆగింది. లేపితే లేవదేమోనని భయపడే తల్లి చెయ్యి అలాగే ఆగుతుంది. గోనెసంచిలో, చీకట్లో, ఎవరూ మొహం చూడని చోట జయపాల్ అంత చేశాడు. బాగా ఏడిచావయ్యా అని డైరెక్టరు తట్టిన భుజం వాడిది కావాలి. ఆ ఏడుపు చూసి మామగారు పిల్లనిచ్చింది వాడి మంచితనానికి. ముప్పై ఏళ్ళు తను దాన్ని నాదే అని చెప్పుకు తిరిగాడు, వాడు ఒక్కసారి కాదనలేదు. ముందుకాళ్ళూ బాగున్నావా అని నవ్వాడు, అంతే.

అప్పుడు కాళ్ళు చిందులేశాయి. రేవు మొత్తం నవ్వింది. కుర్రాళ్ళు లేచి నిలబడి, చేతులు పైకెత్తి, జయపాల్ నేర్పినట్టు కుడికాలు లేపి తప్పు చిందు వేస్తున్నారు. కొందరు ఏడుస్తూ వేస్తున్నారు. ఎవరికీ వినపడని డప్పు చంద్రరావుకి వినపడింది, కాలవగట్టు మీద, ముందు దూరంగా, తర్వాత దగ్గరగా. గొంతుకూర్చున్న కాళ్ళలో వేళ్ళు విచ్చుకున్నాయి. మడమ లేవబోయింది.

లేస్తే కుర్చీ పడుతుంది. చంద్రరావు పళ్ళు బిగబట్టి, పాదాలు రెండూ బల్లకి అదిమిపెట్టాడు. ముందున్నవాడు ఇంకా ఏడుస్తున్నాడు. డప్పు దాటిపోయేదాకా, తొండం వణకడం ఆగేదాకా, ఫిడేలు పూర్తయ్యేదాకా అతని కాళ్ళు కదల్లేదు.

సినిమా అయ్యాక జనం రోడ్డెక్కి వెళ్ళిపోయారు. పిల్లలు పెనుగొండ బయల్దేరుతున్నారు. హరిచందన కుర్చీ వెనక ఉన్న మనిషిని చూసి, చెయ్యిచ్చి లేపింది.

"ఇక్కడ కూర్చున్నారేంటి బాబాయ్?"

"ముందు సగం చూశావామ్మా?" అన్నాడు.

"అందరం వెనకే చూస్తాం కదా."

"ఈసారి ముందు సగం చూడు. ఆ ఏడిచింది జయపాల్."

"వెనక కదండి ఆయన?"

"ముందు."

పెద్దవాళ్ళు దుఃఖంలో ఏదన్నా అంటే తలూపినట్టు ఆ పిల్ల తలూపి, "మీరు ఇంటికెళ్ళి కాసేపు పడుకోండి," అని చెప్పి వెళ్ళింది. చంద్రరావు రెట్టించలేదు.

గణేష్‌బాబు ఆటో తెచ్చాడు. కుర్చీలు, బల్లలు, గెడలు ఎక్కించారు. సాయంత్రం నుంచి ఊరు తిరుగుతున్న మంచి కుర్చీ సగం చోటు ఆక్రమించుకుని ఉంది, రెండోది పట్టలేదు. రేపొచ్చి తీసుకెళ్దాంలే బాబాయ్, దీన్నెవరు ఎత్తుకుపోతారు అన్నాడు గణేష్‌బాబు. గజమాల తీసేద్దామా అంటే చంద్రరావు వద్దన్నాడు. భుజం మీది తువ్వాలు తీసి కళ్ళు తుడుచుకుని, నాలుగు మడతలు పెట్టి, ఆ కాలు కింద దోపి, చేత్తో ఒకసారి ఊపి చూసి, ఆటో ఎక్కాడు.

గోదావరి గాలికి పూలరేకులు రాలుతున్నాయి గానీ, వెనక కాలు కింద తడిసిన తువ్వాలు మడతతో, ఎర్ర మఖమలు కుర్చీ రేవు మీద నిటారుగా నిలబడి ఉంది.